ప్రవేశం దొరికిన తరువాత



2007 నాటి బి.సి.-ఇ చట్టంలోని 4 శాతం రిజర్వేషన్ మన పిల్లలకు కళాశాల తలుపు తెరిచింది. లోపల వారిని నిలిపేదెవరు? ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన బాలిక ఇంగ్లీషు పాఠం ముందు మూగబోతుంది. ఇంట్లో కళాశాల ముఖం చూసినవారుండరు. అది తెలివితక్కువతనం కానే కాదు.

అమెరికాలోని దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం 1970 నాటి విద్యార్థుల ఆందోళన అనంతరం, 1972లో ‘యూనివర్సిటీ 101’ తరగతిని ప్రారంభించింది. కొద్దిమంది విద్యార్థులు, శిక్షణ పొందిన బోధకుడు. గ్రంథాలయ వినియోగం మొదలు సందేహం అడగడం వరకు, సెమిస్టరు పొడవునా నేర్పుతారు.

యు.జి.సి. 2019లో సూచించిన ‘దీక్షారంభ్’ మంచిదే. కానీ దిగులు పుట్టేది స్వాగత సభల్లో కాదు, తొలి పరీక్ష తరువాత! అందుకే మేము కోరుతున్నాము: సెమిస్టరంతా వారానికొక గంట, ఉర్దూ తెలిసిన అధ్యాపకునితో. స్కాలర్‌షిప్పు దరఖాస్తు సైతం ఆ గంటలోనే నింపించాలి.