పునాది తీయుటకు ముందు

(రైతు సదస్సులో వ్యవసాయశాస్త్ర ఉపన్యాసకులొకరు చేసిన ప్రసంగ పాఠము)



వరిని గూర్చియో, కందిని గూర్చియో చెప్పవలసినవాడు ఇంటిని గూర్చి చెప్పుటేమని మీలో కొందరనుకొనవచ్చును. కాని మన తెలంగాణ పల్లెలలో నేడు కొత్త ఇండ్లు ఊరి నడుమ గాక, ఊరి చివర సాగుభూములలో ఎక్కువగా లేచుచున్నవి. అన్నదమ్ములు వేరుపడినపుడు పాత ఇల్లు చాలదు. రోడ్డువారనున్న చేనిలో నాలుగు గుంటలు తీసి ఇల్లు కట్టుకొందమను ఆలోచన వచ్చును. నేల సంగతి గనుక మాటాడుటకు నాకును కొంత హక్కున్నది.

విత్తనము కొనునపుడు మన రైతు నలుగురిని విచారించును. ఇల్లు కట్టునపుడు మాత్రము ముహూర్తమునకు పంతులుగారిని, కూలికి మేస్త్రీని అడిగి పార పట్టును. మేస్త్రీకి గోడ తెలియును. ఆ నేల రికార్డులలో ఏ తరగతిదో అతనికి తెలియదు. లక్షలు పోసి స్లాబు వేసిన తరువాత ఆ సంగతి బయటపడినచో దిద్దుకొనుట చాల కష్టము. కావున మొదట నేల పేరు తెలిసికొనుడు.

మీరు కట్టదలచిన చోటు గ్రామకంఠమా, పట్టా సాగుభూమియా, అసైన్డు భూమియా, చెరువు శిఖమా? గ్రామకంఠము అనాదిగా ఇండ్లకే విడిచిన చోటు. అందు సాగుభూమి చిక్కులుండవు. అసైన్డు భూమిని కొనుటను 1977 నాటి చట్టము నిషేధించినది. తెల్లకాగితము మీద కొన్నవానికి హక్కు రాదు, హక్కు లేనిచోట అనుమతియు రాదు. మిగిలిన రెండింటిని గూర్చి కొంత వివరముగా చెప్పెదను.

పట్టా సాగుభూమిలో ఇల్లు కట్టవలెనన్న దానిని ముందుగా వ్యవసాయేతర భూమిగా మార్పించుకొనవలెను. దీనినే జనులు ‘నాలా’ యనుచున్నారు. ఇది 2006 నాటి చట్టము. దరఖాస్తు నేడు భూభారతి ద్వారా ఇయ్యవలెను. భూమి మూలధరను బట్టి రుసుము కట్టవలెను. మార్పు చేయించకుండ కట్టినవారిపై రుసుమునకు అదనముగా అందులో సగము జరిమానా పడును. పాడి పశువులకు, కోళ్ళకు, చేపలకు వాడు భూమికి ఈ చట్టమున మినహాయింపు కలదు. కనుక పాడి పశువుల షెడ్డు వేయువారిని మార్పు చేయించవలెనని ఎవరైన భయపెట్టినచో లొంగవలదు.

ఇందులో నా సలహా యొకటి. మార్చిన భూమి సాగు లెక్కలో నుండదు; ఆ మేరకు రైతు భరోసా రాదు. ఇంటికి నాలుగు గుంటలు, అనగా 484 గజములు చాలునపుడు ఎకరమంతయు మార్చుట వట్టి నష్టము. చేనులో ఏ మూల తీయవలెనన్నదియు ఆలోచింపుడు. రోడ్డు దగ్గరయని బంగారము పండు మడిని తీయుటకంటె, గరపనేలయో, చౌడుమూలయో, మెరకయో యుండిన అదే మేలు. చౌడులో ఇటుకకు ఉప్పు పట్టును గనుక అక్కడ పునాదిపై తడి పైకెక్కకుండ పొర వేయించవలెను. మంచి పొలము మరల పుట్టదు.

ఇక చెరువు శిఖము. ఇక్కడనే అమాయకులు ఎక్కువగా మునుగుచున్నారు. శిఖములో పట్టా భూములు కూడ కలవు. నీరు తీసిన పిమ్మట అందు పైరు వేసికొనుటకు పట్టాదారునకు హక్కు కలదు. ఇల్లు కట్టుటకు లేదు. నాలుగేండ్లు చెరువు నిండకపోయినచో నీరు ఎంతవరకు వచ్చెడిదో జనులు మరచెదరు, అమ్మువాడు అసలే చెప్పడు. చెరువు నిండినపుడు నీరు నిలుచు హద్దును పూర్తి నీటిమట్టమందురు. 2012లో వెలువడిన జీ.వో. 168 ప్రకారము, పది హెక్టారులు, అనగా ఇరువదియైదు ఎకరములకు దగ్గరగా, లేక అంతకు మించి యున్న చెరువైనచో ఆ హద్దునుండి 30 మీటర్లు, చిన్న కుంటయైన 9 మీటర్లు విడువవలెను. వాగు వెడల్పు 10 మీటర్లు దాటినచో 9 మీటర్లు, లోపలైన 2 మీటర్లు. పట్టణములతోబాటు మాస్టరు ప్లానులో చేరిన గ్రామములకును ఈ నియమము వర్తించును. తక్కిన గ్రామములవారును దీనిని పాటించుట తమ మేలుకే. 2024 జూలైలో హైదరాబాదున హైడ్రా ఏర్పడిన తరువాత చెరువులలోని కట్టడములు కూలుట పత్రికలలో చూచితిరి. కొనుటకు ముందు ఊరిలో డెబ్బదియేండ్ల పెద్దమనిషిని వెంటబెట్టుకొని పోయి, నిండుచెరువు నీరు ఎక్కడికి వచ్చెడిదో చూపుమనుడు. ఆ పిమ్మట నీటిపారుదల శాఖవారి పటము చూడుడు. రెండును కలిసిన సరి. కలియనిచో ఆ బేరము విడువుడు.

నేల తేలిన తరువాత అనుమతి. గ్రామమైన పంచాయతి కార్యదర్శి వద్ద దరఖాస్తు ఇయ్యవలెను. హక్కు కాగితము, కొలతలతో కూడిన ఇంటి పటము, చుట్టు విడుచు జాగా చూపవలెను. పెద్ద కట్టడమైనచో పట్టణ, గ్రామీణ ప్రణాళిక శాఖవారి సాంకేతిక ఆమోదము కూడ కావలెను. సర్పంచిగారు ‘కట్టుకో’ యని నోటితో చెప్పుట అనుమతి కాదు. దరఖాస్తు ఇచ్చినట్లు తేదీతో రసీదు తీసికొనుడు.

మీ ఊరు నేడు పంచాయతియా, మునిసిపాలిటీయా? నవ్వవలదు. 2018లో పెక్కు గ్రామములు మునిసిపాలిటీలైనవి, కొన్ని వాటిలో కలిసినవి. అట్టిచోట పాత పంచాయతి కాగితము పనికిరాదు. అక్కడ 2020 నాటి చట్టము ననుసరించి 75 గజముల లోపు స్థలములో ఒక అంతస్తు వరకు ఇంటికి అనుమతి అక్కరలేదు. ఒక్క రూపాయితో నమోదు చాలును. ఆపైన 500 చదరపు మీటర్ల వరకు, ఎత్తు 10 మీటర్లు దాటనిచో, యజమాని స్వయముగా ధ్రువపరచినంతనే అనుమతి వచ్చును. ఇది సుళువని సంతోషింపవలదు. ధ్రువీకరణ అబద్ధమని తేలినచో నోటీసు లేకయే కూల్చు అధికారము ఆ చట్టముననే కలదు. బాధ్యత అధికారినుండి మీ సంతకము మీదికి వచ్చినదని గ్రహింపుడు.

ఇందిరమ్మ ఇల్లు మంజూరైనవారికి మరియొక కొలత. ఐదు లక్షల సహాయము పొందు ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 దాటరాదు. ‘ఎట్లును కట్టుచున్నాము గదా, ఇంకొక గది వేయుద’మని పునాది పెంచినవారికి బిల్లులు ఆగినవి. ముగ్గు పోసిననాడే టేపు పట్టుడు.

ఇంటి లోపలి కొలతలకు జాతీయ భవన నిర్మాణ సంహిత యొకటి కలదు. 1970లో మొదట వెలువడి, 2016లో సవరింపబడినది. నివాసపు గది 9.5 చదరపు మీటర్లకు, అనగా సుమారు 100 చదరపు అడుగులకు తగ్గకూడదనియు, వెడల్పు 8 అడుగులు, ఎత్తు 9 అడుగులు ఉండవలెననియు, అరుగుమట్టము చుట్టునున్న నేలకంటె 45 సెంటీమీటర్లు, అనగా అడుగున్నర, పైన నుండవలెననియు అందు కలదు. అడుగున్నర అరుగు ఖర్చని తలచువారు ఒక్క వానకాలములో ధాన్యపు బస్తాలు తడిసిన నష్టము లెక్కవేసికొందురు గాక.

అనుమతి కాగితము చెప్పని సంగతి యొకటి కలదు. అది మీ నేల స్వభావము. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన ముడుచుకొనును. వేసవిలో మీ పత్తిచేను ఎంత లోతు బీటలు వారునో మీరెరుగుదురు. ఆ లోతులో పునాది పెట్టినచో గోడయు అట్లే బీటలు వారును. బీటలు పోవు లోతు దాటి గట్టినేల వరకు పునాది దింపవలెను. అడుగున నల్లమన్ను తీసి మొరము నింపి దిమ్మిస చేయుట మన పెద్దలు ఎరిగిన పద్ధతి. రేగడి మిక్కిలి లోతైనచోట రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిన, అడుగున గడ్డవలె ఉబ్బిన కాంక్రీటు స్తంభముల పునాది మేలైనది. దానికి ఇంజనీరు సలహా కావలెను. గోడచుట్టు మూడు నాలుగడుగుల వెడల్పున గచ్చు చేయించి, చూరునీరు దూరముగ పోవునట్లు చూడుడు. వేప, రావి గోడప్రక్కన నాటవలదు. వేరు నీరు త్రాగినకొలది నేల క్రుంగును.

మరుగుదొడ్డి ఇంకుడుగుంటకును, త్రాగునీటి బావికిని లేక బోరుకును 18 మీటర్లు, అనగా 60 అడుగులు ఎడముండవలెను. ప్రక్కవారి బోరును కూడ ఈ లెక్కలో చేర్చవలెను. పురుగుమందులు పెట్టు గది ఇంటికి దూరముగ, తాళముతో వేరుగా నుండవలెను. పటములో ఆ గది గీసినవారిని నేనింకను చూడలేదు.

కరెంటు తీగల సంగతియు చూడుడు. ఇంటిపై పోవు సామాన్యపు తీగకు కప్పునుండి 2.5 మీటర్లు, 11 కె.వి. తీగకు 3.7 మీటర్లు ఎత్తుండవలెను; 11 కె.వి. తీగ ప్రక్కగా పోవునపుడు 1.2 మీటర్లు ఎడముండవలెను. నేడు దూరముగ నున్న తీగ రేపు మేడ వేసినపుడు చేతికందును. తీగ మార్పించుటకు విద్యుత్తు సంస్థకు దరఖాస్తు ముందే ఇయ్యుడు. స్లాబు సెంట్రింగు కట్టిన తరువాత పరుగెత్తినచో పని ఆగును, కూలీలు పోవుదురు.

‘ఇంటినంబరు వచ్చినది, పన్ను కట్టుచున్నాము, ఇక అనుమతి ఏల?’ అని పలువురడుగుచున్నారు. పన్ను రసీదు పన్ను కట్టినట్లు మాత్రమే చెప్పును. దానివలన హక్కు రాదు, అనుమతియు కాదు. బ్యాంకువారు గృహఋణమునకు అనుమతిపత్రమును, ఆమోదించిన పటమును అడుగుదురు. అవి లేనివారు అప్పుకు వడ్డీవ్యాపారి గడప ఎక్కవలసివచ్చును. ఇదివరకే అనుమతి లేక కట్టుకొన్నవారు పంచాయతి కార్యదర్శిని కలిసి, తమ చోటున క్రమబద్ధీకరణకు వీలున్నదేమో వ్రాతపూర్వకముగా అడిగి, జవాబు తీసి పెట్టుకొనుడు.