పొడి ఐసుతో పని: కొన్ని జాగ్రత్తలు



మైపాడు రొయ్యలో, వంజరం ముక్కలో దూరానున్న బిడ్డలకు పంపాలని మీకుంటుంది. మామూలు ఐసు కరిగి పెట్టెంతా నీళ్లవుతుంది. పొడి ఐసు, అదే డ్రై ఐస్, తడి చేయదు. ఇది నీటిగడ్డ కాదు. గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. దీని చలి సున్నకు దిగువ 78 డిగ్రీలు.

చెన్నై వంటి పట్టణాలలో వాయువుల వ్యాపారుల వద్ద దొరుకును. నిలవ ఉండదు గనుక వాడేనాడే కొనవలెను. ముందే గడ్డకట్టించిన సరుకుకే ఇది తగును. అప్పుడే పట్టిన చేపకు కిలోకు కిలో మామూలు ఐసే మేలు.

థర్మోకోల్ పెట్టెలో సరుకుపై దళసరి కాగితం పరచి, ఆపైన పొడి ఐసు ఉంచండి. మూత బిగించవద్దు. కిలో ఐసు 500 లీటర్లకు పైగా వాయువవుతుంది; బిగించిన సీసాగాని, ఫ్లాస్కుగాని పేలిపోతుంది.

ఆ వాయువు గాలికన్న బరువు, అడుగున చేరుతుంది. మూసిన గదిలో పెట్టుకొని పడుకోకండి. కారులో తెస్తే అద్దాలు దించండి. తలనొప్పి, ఆయాసం తోస్తే వెంటనే బయటి గాలిలోకి రావలెను.

వట్టి చేతితో తాకితే నిప్పులా కాలుస్తుంది. దళసరి తొడుగులు, పట్టుకారు వాడండి. నోటిలో వేయరాదు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక భోజనశాలలో దీనిని నోట వేసుకున్నవారు రక్తం కక్కుకొని ఆసుపత్రి పాలయ్యారు.

మిగిలినది తూములో పోయక, పిల్లలకు, పశువులకు అందని ఆరుబయట వదిలేయండి, తానే పోతుంది.

రొయ్యలు చెడితే మళ్లీ తెచ్చుకోవచ్చు, ప్రాణం తెచ్చుకోలేము. సెలవు.