స్క్రూ తిప్పేముందు: పీసీపీ ఎయిర్ పిస్టల్, రైఫిల్ లోపల గాలి ఏం చేస్తుంది?

ఈ రోజు టేబుల్ మీద మూడు వస్తువులు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి నా పాత 10 మీటర్ల ఎయిర్ పిస్టల్. రెండోది నా దగ్గర నేర్చుకునే అమ్మాయి రైఫిల్. మూడోది క్రోనోగ్రాఫ్, అంటే పెల్లెట్ ఎంత వేగంతో బయటికి వస్తోందో కొలిచే పెట్టె. ఆలెన్ కీలు మాత్రం కావాలనే పక్క గదిలో వదిలేసి వచ్చాను. అవి చేతిలో ఉంటే ఊరుకోబుద్ధి కాదు, ఏదో ఒక స్క్రూ తిప్పేస్తాం. నేను అలా తిప్పే ఒక సెలక్షన్ పోగొట్టుకున్నాను. ముందు ఆ కథ చెప్పి, తర్వాత అసలు విషయానికి వస్తాను.

ఆ పిస్టల్ మా నాన్న పీఎఫ్‌లోంచి డబ్బు తీసి సెకండ్ హ్యాండ్‌లో కొనిచ్చింది. మ్యాచ్ అంటే 60 షాట్లు, 75 నిమిషాలు. మొదటి 40 షాట్లు బాగానే పడేవి. ఆ తర్వాత ఎనిమిదులు, ఏడులు మొదలయ్యేవి, అన్నీ కింద ఎడమ పక్కకే. నాకేమనిపించింది? గాలి తగ్గిపోతోంది, పెల్లెట్ కిందకి జారుతోంది అని. రేంజ్‌లో పెద్ద సిలిండర్ కూడా అప్పుడు సగం ఖాళీగానే ఉండేది, నా సిలిండర్ ఎప్పుడూ 130 బార్ దాటి నిండేది కాదు. కాబట్టి నా అనుమానానికి సాక్ష్యం కూడా దొరికినట్టే అయింది. ఇంటికొచ్చి హ్యామర్ స్ప్రింగ్ స్క్రూ అర చుట్టు బిగించాను. వారం తర్వాత ఇంకో అర చుట్టు.

ఏం జరిగిందో అర్థం కావాలంటే లోపల ఏముందో తెలియాలి.

పీసీపీ అంటే ముందే గాలి నింపి పెట్టుకున్న తుపాకీ. పాత స్ప్రింగ్ తుపాకీలో ప్రతి షాట్‌కీ మనం స్ప్రింగ్‌ని వెనక్కి లాగుతాం, అది పిస్టన్‌ని తోసి అప్పటికప్పుడు గాలిని నొక్కుతుంది. ఆ పిస్టన్ కదలిక వల్ల తుపాకీ చేతిలో ఎగురుతుంది. పీసీపీలో ఆ పని ముందే అయిపోయింది. మ్యాచ్ తుపాకులకైతే మామూలుగా 200 బార్ వరకు నింపుతాం. 200 బార్ అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు 200 కిలోల బరువు. వేలి గోరంత చోట రెండు బియ్యం బస్తాల కన్నా ఎక్కువ. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ అవసరం పడుతుంది.

ట్రిగ్గర్ నొక్కగానే హ్యామర్ ముందుకెళ్ళి వాల్వ్ కాడని కొడుతుంది. వాల్వ్ క్షణంలో చిన్న భాగం సేపు తెరుచుకుని మూసుకుంటుంది. ఆ సందులో బయటికొచ్చిన గాలి పెల్లెట్‌ని తోస్తుంది. వాల్వ్‌ని తెరిచేది హ్యామర్ దెబ్బ. మూసేది ముఖ్యంగా లోపలున్న గాలి ఒత్తిడే. ఈ ఇద్దరి మధ్య కుస్తీయే పీసీపీ అంటే. మిగతాదంతా అలంకారం.

ఇప్పుడు రెగ్యులేటర్ లేని తుపాకీ తీసుకోండి. నిండా గాలి కొట్టారు. ఒత్తిడి ఎక్కువ కదా, మొదటి షాటే అన్నిటికన్నా వేగంగా పోవాలి అనుకుంటాం. పోదు. ఒత్తిడి ఎక్కువైతే అది వాల్వ్‌ని గట్టిగా పట్టుకుంటుంది, హ్యామర్ దాన్ని సరిగ్గా తెరవలేదు. గాలి తక్కువ వస్తుంది, వేగం తగ్గుతుంది. షాట్లు కాలుస్తూ పోతే ఒత్తిడి తగ్గి, వాల్వ్ ఎక్కువసేపు తెరుచుకుంటుంది, వేగం పెరుగుతుంది. ఒక దశ దాటాక మాత్రం తోయడానికి ఒత్తిడే చాలదు, వేగం మళ్ళీ పడిపోతుంది. కాగితం మీద గీస్తే కొండలా వస్తుంది. ఉదాహరణకు 200 బార్ దగ్గర సెకనుకు 240 మీటర్లు, 150 దగ్గర 255, 110 దగ్గర మళ్ళీ 240 అనుకుందాం. ఈ తుపాకీని 200 దాకా నింపడం దండగ. 175కి నింపి 125 దగ్గర ఆపితే కొండ శిఖరం మీదే కాలుస్తున్నట్టు లెక్క. ఒక్క స్క్రూ కూడా తిప్పలేదు, చూశారా? గేజ్ చూసి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలుసుకున్నాం, అంతే.

రెగ్యులేటర్ ఉన్న తుపాకీలో సిలిండర్‌కీ వాల్వ్‌కీ మధ్య ఒక చిన్న గది ఉంటుంది. మన ఇళ్ళ మీద ట్యాంకులో నీళ్ళు ఎన్ని ఉన్నా, బాత్రూమ్‌లో ఫ్లష్ తొట్టి ప్రతిసారీ ఒకే గుర్తు దాకా నిండుతుంది కదా, అదే పని. సిలిండర్‌లో 200 ఉన్నా 100 ఉన్నా ఆ గదిలో, మాటవరసకి, 70 బారే ఉంటుంది. సిలిండర్ ఆ 70 కన్నా కిందకి వెళ్తే మాత్రం రెగ్యులేటర్ చేసేదేమీ లేదు, వేగం పడిపోతుంది.

ఇప్పుడు నా పిస్టల్ దగ్గరికి వద్దాం. హ్యామర్ దెబ్బ పెంచాను. వాల్వ్ ఎక్కువసేపు తెరుచుకుంది, ప్రతి షాట్‌కీ గాలి ఎక్కువ ఖర్చయింది. అసలే 130తో మొదలుపెట్టేవాణ్ణి. గాలి త్వరగా అయిపోవడం మొదలైంది. అంటే ఏ జబ్బు ఉందనుకుని మందు వేశానో, ఆ జబ్బుని నేనే తెచ్చిపెట్టాను. తర్వాతి మ్యాచ్ ఇంకా ఘోరం. సెలక్షన్ జాబితాలో నా పేరు లేదు. నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

అప్పుడు రేంజ్‌లో ఒక పెద్దాయన, మాకందరికీ సార్, నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "బాబూ, ముందు నీ స్క్రూ ఎక్కడుండేదో అక్కడికి తే. తర్వాత 60 షాట్లు ఈ పెట్టె మీదుగా కాల్చు. ప్రతి ఐదు షాట్లకీ గేజ్ ఎంతుందో రాయి" అన్నారు. రాశాను. మొదట్లో సెకనుకు 150 మీటర్లు, ఒకటి రెండు అటూ ఇటూ. 50 షాట్ల దాకా అలాగే ఉంది. చివరి కొన్ని షాట్లలో తగ్గుతూ వచ్చి 141 చూపించింది. "చూశారా సార్, పడిపోతోంది!" అని నేను సంబరపడ్డాను.

ఆయన పెన్ను తీసుకుని లెక్క వేశారు. 150 మీటర్ల వేగంతో 10 మీటర్లు పోవడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. అంతసేపట్లో పెల్లెట్ సుమారు 22 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. 141 అయితే సుమారు 25 మిల్లీమీటర్లు. తేడా ఎంత? మూడు మిల్లీమీటర్లు. పిస్టల్ టార్గెట్‌లో ఒక రింగుకీ ఇంకో రింగుకీ దూరం 8 మిల్లీమీటర్లు. ఏడులో పడ్డ షాట్ కేంద్రం నుంచి కనీసం 24 మిల్లీమీటర్లు పక్కకి పోయినట్టు. "మూడు నీ పిస్టల్ ఖాతాలో రాసుకుందాం. మిగతా 21 ఎవరి ఖాతాలో రాయమంటావ్?" అన్నారు. ఇంకో ప్రశ్న కూడా వేశారు: "గాలి తగ్గితే కిందకి పోవాలి. ఎడమకి ఎందుకు పోతోంది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన నేరుగా ట్రిగ్గర్‌కి బరువు తగిలించి చూశారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలని నిబంధన. నాది 640 ఉంది. పాత యజమాని ఎలా పెట్టుకున్నారో అలాగే వచ్చింది. అందులో ఎక్కువ భాగం రెండో దశలో ఉంది. అంటే వేలికి మొదట తేలిగ్గా కదిలి, తర్వాత గోడలా తగులుతుంది. 40 షాట్ల తర్వాత చెయ్యి అలసిపోయి, ఆ గోడని బద్దలు కొట్టడానికి మొత్తం అరచేత్తో నొక్కేసేవాణ్ణి. కుడిచేతి వాటం వాళ్ళకి అలా నొక్కితే షాట్ కిందకీ ఎడమకీ పోవడం మామూలే. మొదటి దశలో సుమారు 400, రెండో దశలో 120, మొత్తం 520 వచ్చేలా సర్దాం. పైన ఆ 20 గ్రాములు ఎందుకంటే, స్క్రూలు కాస్త వదులవుతుంటాయి. మ్యాచ్‌లో తనిఖీ చేసేవాళ్ళు 500 గ్రాముల బరువు వేలాడదీసినప్పుడు అది లేవకపోతే పిస్టల్‌ని అనుమతించరు. ఇంట్లో కొలిచేటప్పుడు కూడా సిలిండర్ పెట్టి, గాలి ఛార్జ్ అయి ఉన్నప్పుడే కొలవండి, తనిఖీ కూడా అలాగే చేస్తారు. పెల్లెట్ మాత్రం వద్దు, మూతి టార్గెట్ వైపే ఉండాలి.

అలా అని అన్నిసార్లూ తప్పు చేతిదే అని తీర్మానించకండి. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలోనే మొరాయించింది, ఆమె ఫైనల్‌కి వెళ్ళలేకపోయింది. అదే 10 మీటర్ల పిస్టల్‌లో 2024 పారిస్‌లో కాంస్యం తెచ్చింది. తుపాకీ నిజంగానే మోసం చేస్తుంది. ఈ రైఫిల్ అలాంటిదే.

ఈ అమ్మాయి కథ నా కథకి తలకిందులు. స్టాండ్ మీద పెట్టి కాల్చినా, కాసేపు ఆగి కాల్చిన మొదటి షాట్ పైకి పోయేది. తర్వాతివి మామూలే. అందరూ "గాభరా పడుతున్నావమ్మా" అనేవాళ్ళు. రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క, రింగుకీ రింగుకీ దూరం రెండున్నర మిల్లీమీటర్లే. ఇక్కడ సెకనుకు 160కి బదులు 170 మీటర్లతో పోతే రెండు మిల్లీమీటర్ల పైన తేడా. దాదాపు ఒక రింగు. పిస్టల్‌లో పట్టించుకోనక్కర్లేని తేడా రైఫిల్‌లో పతకం తీసుకుపోతుంది. క్రోనోగ్రాఫ్ పెట్టి ఒక షాట్ కాల్చి, పది నిమిషాలు ఆగి, మళ్ళీ కాల్చాం. ఆగిన ప్రతిసారీ మొదటిది ఎక్కువ వేగం. రెగ్యులేటర్ పూర్తిగా మూసుకోవట్లేదు, ఆగినప్పుడల్లా చిన్న గదిలోకి గాలి మెల్లగా పాకుతోంది. దీన్ని క్రీప్ అంటారు. ఒక చిన్న మెలిక ఉంది: హ్యామర్ బలహీనంగా ఉన్న తుపాకీలో ఇదే క్రీప్ వల్ల మొదటి షాట్ నెమ్మదిగా పోవచ్చు. ఇందాక చెప్పిన కుస్తీయే కారణం. అందుకే పైకి పోయిందా కిందకి పోయిందా అని కాదు, ఆగితే మారుతోందా అని చూడాలి. రెగ్యులేటర్ తెలిసినవాళ్ళ చేత సీల్స్ మార్పించాం. ఆ పిల్ల గాభరా కూడా దానితోనే పోయింది.

హాబీ కోసం వాడే రెగ్యులేటర్ తుపాకీలో హ్యామర్ సర్దాల్సి వస్తే పద్ధతి ఇది. స్క్రూ ఇప్పుడెక్కడుందో ఫొటో తీసుకోండి. తక్కువలో మొదలుపెట్టి పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ ఐదు షాట్ల వేగం రాయండి. ఒక చోట ఇంక బిగించినా వేగం పెరగదు. అక్కడి నుంచి రెండు మూడు శాతం వేగం తగ్గేదాకా వెనక్కి రండి. ఆ దాటిన బిగింపంతా గాలి వృథా, శబ్దం, కుదుపు. పెల్లెట్ రకం మార్చారా, లెక్క మళ్ళీ మొదటికే. ఒకేసారి రెండు మార్చితే ఏది పనిచేసిందో బ్రహ్మకి కూడా తెలియదు.

బలం పెంచడం గురించి ఒక మాట. మన దేశంలో 4.5 మిల్లీమీటర్ల బోర్ దాటినా, మూతి దగ్గర శక్తి 20 జౌల్స్ దాటినా ఆ ఎయిర్‌గన్‌కి లైసెన్స్ కావాలి. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు సుమారు 275 మీటర్లు దాటితే మీరు ఆ గీత దాటినట్టే. మ్యాచ్ రైఫిల్ 7, 8 జౌల్స్ దగ్గరే ఉండి ఆ అర మిల్లీమీటరు చుక్కని కొడుతోంది. "ఇంకాస్త పవర్ పెంచిపెట్టండన్నా" అని తుపాకీ పట్టుకుని వచ్చేవాళ్ళని నేను టీ తాగించి పంపించేస్తాను.

ఇక 200 బార్ మాట. ఏ భాగం విప్పినా ముందు సిలిండర్ తీసేయాలి, తర్వాత తుపాకీని టార్గెట్ వైపు పెట్టి, పెల్లెట్ లేకుండా, లోపల మిగిలిన గాలిని కాల్చి ఖాళీ చేయాలి. ఒత్తిడిలో ఉన్న మరను స్పానర్‌తో కదిలించకూడదు. మెషిన్ ఆయిల్ చుక్క కూడా లోపలికి వద్దు, అంత ఒత్తిడిలో పెట్రోలియం నూనె డీజిల్ ఇంజిన్‌లోలా అంటుకుంటుంది. సిలికాన్ గ్రీజే వాడాలి. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ నింపుతామని ఎవరైనా అంటే అక్కణ్ణించి తుపాకీ తీసుకుని వచ్చేయండి, అది పేలుతుంది. విశాఖ, కాకినాడ వైపు హ్యాండ్ పంప్ వాడేవాళ్ళు తేమ ఫిల్టర్ లేకుండా కొట్టకండి. సముద్రపు గాలిలోని నీరంతా సిలిండర్‌లో తుప్పు రూపంలో మిగులుతుంది.

సిలిండర్ మీద తేదీ ఉంటుంది, చూసుకోండి. మ్యాచ్‌లలో కంపెనీ ఇచ్చిన గడువు లోపలే వాడాలి, ఎక్కువలో ఎక్కువ పదేళ్ళు. ఆ బాధ్యత షూటర్‌దే. బయటికి నిగనిగలాడుతున్నా లోపల ఏమైందో మనకి కనబడదు.

నా పిస్టల్ సిలిండర్ ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, తేదీ కనిపిస్తోందా? పోయిన నెలతో అయిపోయింది. అందుకే ఈ రోజు కాల్చి చూపించలేదు, ఖాళీ చేసి పక్కన పెట్టాను. కొత్తది వచ్చాక ఇదే టేబుల్ మీద క్రోనోగ్రాఫ్ పెట్టి 60 షాట్లు కాల్చి అంకెలు రాసి చూపిస్తాను. అప్పుడు ఆలెన్ కీలు కూడా తెస్తాను. ఉంటానండీ.