పురాణకథయు క్రైస్తవసత్యమును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకును, కొల్లేటి లంకలలోను, రామాలయపు గంటయు చర్చి గంటయు ఒకే వీధిలో వినవచ్చు గ్రామములు పెక్కు కలవు. ఏలూరున చర్చి మిషనరీ సొసైటీవారు 1854లో నెలకొనిరి. నాటినుండి ఈ సీమలో ఒక ప్రశ్న తీరకయే యున్నది. క్రైస్తవుడు భాగవతమును చదువవచ్చునా? చదివినచో తన మతమునకు పనికివచ్చు సత్యమందు దొరకునా? గ్రంథాలయమునకిది కాలక్షేపపు ప్రశ్న కాదు. ఒక పెద్ద, పిల్లవాడు విగ్రహములవైపు మరలునేమోయని జంకును. వేరొక పెద్ద, మన భాగవతముతో వారికేమి పనియని గొణుగును. ఇద్దరి మాటయు చెల్లినచో పుస్తకము బీరువాలోనే యుండును.

మొదట తెలుగు బైబిలునే విప్పి చూడవలయును. అందు పాతాళమను మాట అనేక పర్యాయములు వచ్చుచున్నది. అతలము, వితలము మొదలగు ఏడు అధోలోకములలో కడపటిది పాతాళమని పురాణములు చెప్పును. హెబ్రీవారు మృతులలోకమును షెయోలనిరి. దానికి తెలుగుచేసినవారు మన పురాణముల మాటనే గ్రహించిరి. ఇది వారి తొందరపాటు కాదు. పేతురు రెండవ పత్రిక రెండవ అధ్యాయమున, పాపముచేసిన దేవదూతలను త్రోసివేసిన తావును చెప్పు గ్రీకుమాట టార్టరసు అను పేరునుండి పుట్టినది. టార్టరసు గ్రీకుపురాణములలో టైటానులను బంధించిన చీకటికొట్టు. అనగా అన్యుల పురాణమునుండి అరువు తెచ్చుట పత్రికలోనే జరిగినది. పౌలు ఏథెన్సునందు గ్రీకుకవుల మాటలను సాక్ష్యము తెచ్చెను. తరువాత జస్టిను ఔననెను, టెర్టూలియను కాదనెను. ఆ వాదము పండితులది.

మనకు దగ్గరిది రంతిదేవుని కథ. పోతన భాగవతమున నవమస్కంధమందున్నది. ఆ రాజు నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక కుటుంబముతో కృశించెను. పిమ్మట కొంత పాయసమును నీరును లభించెను. తినబోవు సమయమున బ్రాహ్మణుడు వచ్చెను, శూద్రుడు వచ్చెను, కుక్కలతో ఒకడు వచ్చెను. అన్నము తీరిపోయినది. ఒక్కనికి చాలినంత నీరు మిగిలినది. దానిని నోటికెత్తుకొనువేళ అంత్యజుడొకడు దాహమని నిలిచెను. రంతిదేవుడా నీటిని వానికి పోసెను. తనకు సిద్ధులు వలదు, మోక్షమును వలదు, సర్వప్రాణుల దుఃఖమును తాననుభవించి వారిని దుఃఖరహితులను చేయవలయునని కోరినట్లు సంస్కృత భాగవతము చెప్పుచున్నది. చుట్టును నీరుండియు వేసవిలో త్రాగునీటికై పడవలపై కుండలు మోసిన కొల్లేటివారికి ఆ గ్రుక్కెడు నీటి వెల యెంతయో వ్యాఖ్యానమక్కరలేదు. ఒకరి దుఃఖమును వేరొకరు మోయుటయను మాట సిలువను గూర్చి వినని తెలుగువాని చెవిని కూడ పూర్వమే సోకియున్నది.

అయినను రెండును ఒక్కటేయని చెప్పరాదు. ఒక సర్వేనంబరు శిస్తును వేరొక నంబరు క్రింద జమకట్టిన కరణము ఇద్దరు రైతులకును అపకారము చేసినవాడగును. భాగవతమున యాచకులు తుదకు వేషములు విడిచి దేవతలై కనబడుదురు. దాహముగొన్న అంత్యజుడు నిజముగా అంత్యజుడు కాడు! ఇచ్చట కథ మనసును కొంత చిన్నబుచ్చును. మత్తయి సువార్తలోని తీర్పుదినమున దప్పిగొన్నవాడు వేషధారి కాడు. అతనికిచ్చిన నీరు తనకిచ్చినట్లేయని ప్రభువనును. యోహాను సువార్తలో కథ మరింత తిరుగబడినది. యూదులు అంటు పాటించు సమరయ స్త్రీని, నూతియొద్ద నీరిమ్మని యడిగినవాడు ప్రభువే. పేటకు వేరు నుయ్యియుండిన దినములెరిగినవారు ఈ తేడాను చప్పున గ్రహింతురు. కాని రంతిదేవుని ఎరిగినవానికి ఈ ఘట్టము మరింత లోతుగా తాకును. పురాణము సువార్తకు బదులు కాజాలదు. క్రైస్తవులు క్రీస్తును పొంతి పిలాతు కాలమున జరిగిన చరిత్రగా నమ్ముదురు. రంతిదేవునికి అట్టి తేదీ లేదు, అక్కరయు లేదు.

మహాకవి గుఱ్ఱము జాషువ ఈ రెండు భాషలును ఎరిగినవాడు. 1895లో వినుకొండలో జన్మించిన ఆ క్రైస్తవుడు 1941లో గబ్బిలమును ప్రకటించెను. గుడిలోనికి పోరాని యొకడు, గుడిలో నిరాటంకముగ తిరుగు గబ్బిలముచేత కాశీలోని శివునికి తన గోడు చెప్పి పంపును. శివుడు వినునని నమ్మియే యా రాయబారము. అస్పృశ్యుని దుఃఖమును సవర్ణుల హృదయమున నాటుటకు వారి దైవముతోనే మాటాడెను. ఆయన పురాణములు చదువుటను క్రైస్తవులలో మెచ్చనివారుండిరి. పద్యము చెప్పుటను సవర్ణులలో మెచ్చనివారుండిరి. ఆయన రెంటిని విడువలేదు. ఆయన క్రీస్తుచరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

భాగవత నవమస్కంధమును, యోహాను సువార్త నాలుగవ అధ్యాయమును ఒకే సాయంకాలము చదువదగును. రెండు పుస్తకములును ఈ గ్రంథాలయపు బీరువాలో నున్నవి. చందాదారులు ఏ పేటవారైనను అడిగి తీసికొనిపోవచ్చును.