అడవికీ కలుపుతీత కావాలి



మన మారిషస్ ద్వీపంలో చెక్కుచెదరక నిలిచిన స్వదేశీ అడవి నూటికి రెండు వంతులైనా లేదు. 1638లో స్థిరపడిన డచ్చివారు ఎబొనీ మానులను నరికి ఓడల కెక్కించారు. తరువాత చెరకు తోటల కోసం మరెంతో అడవి పోయింది. ఆ చెరకు పనికే మన పూర్వులు ఇక్కడికి వచ్చారు. కనుక ఈ అడవి కథలో మనకూ చోటున్నది.

మిగిలినదానిని కాపాడేందుకు 1994లో బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయవనం ఏర్పడింది. దాని విస్తీర్ణం 6,574 హెక్టార్లు. 1974లో అడవిలో నాలుగే మిగిలిన మారిషస్ డేగలు ఈనాడు వందలలో ఉన్నాయి. 1990 ప్రాంతంలో పదికి దిగిన గులాబి పావురాలు కూడా తేరుకున్నాయి. శాస్త్రజ్ఞులు గుడ్లు పొదిగించి, పిల్లలను పెంచి, అడవిలో వదిలిన ఫలితమది.

పక్షిజాతి ముప్పై ఏళ్లలో తేరుకోవచ్చు. చెట్టు సంగతి అలా కాదు. ఎబొనీ మన ఆంధ్రదేశపు తునికి చెట్టుకు దగ్గర చుట్టం. చేవ నల్లన, ఎదుగుదల బహు నెమ్మది. ఒక మాను పోతే దాని స్థానం నిండడానికి తరాలు పడతాయి.

జాతీయవనంలో గొడ్డలి ఆగింది గదా, ఇంకా భయమేమిటి? చలికాలంలో మనం పిల్లాపాపలతో బుట్టలు పట్టుకొని వెళ్లి కోసుకునే ఎర్రని చిన్న జామ, గోయావ్ ద షీన్, అదే ఈ అడవిని మింగుతున్నది. పేరుకు చైనా జామ, పుట్టిల్లు బ్రెజిల్. కోతులు, అడవిపందులు, పక్షులు పండ్లు తిని గింజలను అంతటా చల్లుతాయి. అది చిక్కని పొదగా అల్లుకొని నేలకు వెలుతురు చేరనివ్వదు. పైకి లేచిన నాలుగు మొలకలనూ 1639లో జావా నుంచి తెచ్చిన జింకల సంతతి మేసిపోతుంది. పెద్ద మాను నిలిచే ఉంటుంది, దాని కింద పిల్లమొక్క ఉండదు. ముసలివారే ఉండి పసిపిల్లలు లేని ఊరు ఎన్నాళ్లు నిలుస్తుంది?

అందుచేత బ్రిజ్ ఫేర్ వంటి చోట్ల కంచె వేసి, జింకలను, పందులను బయట ఉంచి, మనుషులు కలుపు తీస్తున్నారు. అక్కడ స్వదేశీ మొలకలు మళ్లీ తలెత్తుతున్నాయి. అయితే ఒకసారి తీస్తే చాలదు, విడవకుండా తీస్తూ ఉండాలి.

కలుపు తీయడం మనకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. మన తాతలు, అవ్వలు చెరకు సాళ్లలో చేసిన పనే అది. నా మనవి ఒక్కటే. జామపండ్లకు వెళ్లినప్పుడు ఆ పొద నీడలో ఏ మొక్క చనిపోతున్నదో పిల్లలకు చూపండి. అడవిలో కలుపుతీతకు పిలుపు వచ్చినప్పుడు ఏడాదికి ఒక్క ఆదివారమైనా ఇవ్వండి.