జస్టిస్ కేశవరావు కొరట్కర్ గారు

(జమ్మికుంటలో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన జమ్మికుంట, హుజూరాబాద్ పిల్లల్లో నారాయణగూడ కేశవ మెమోరియల్‌లో చదివినవాళ్లున్నారు. ఆ కేశవుడెవరురా అంటే "దేవుడి పేరనుకున్నం తాతా" అంటారు. దేవుడు కాదు, జడ్జి. నిజాం హైకోర్టు న్యాయమూర్తి కేశవరావు కొరట్కర్ గారు.

ఆయన 1867లో మరాఠ్వాడాలోని పర్భణీ జిల్లాలో పుట్టారు. గుల్బర్గాలో వకాలతు చేసి, తర్వాత హైదరాబాద్ చేరారు. కోర్టు భాష ఉర్దూ. రికార్డు గదుల్లో పని చేసినవారికి దాని సంగతి తెలుసు. 1954-55 ఖాస్రా పహాణీకి వెనకటి కాగితం ఏది కావలసినా చదివిపెట్టే మనిషి కోసం వెతుక్కునేవాళ్లం. ఇక ఆ రోజుల్లో తెలుగు రైతు కాగితంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసి వచ్చేవాడు.

ప్రజలకు ఓటు లేని రాజ్యం అది. నాయకుడు కాదలచినవాడు బడి పెట్టాలి, సభ జరపాలి. కొరట్కర్ గారు, వామన్ నాయక్ గారు కలిసి 1907 ప్రాంతంలో వివేకవర్ధిని పాఠశాలను నిలబెట్టారు. రాష్ట్రంలో ఆర్యసమాజానికీ ఆయన పెద్దదిక్కు. సర్కారు జీతం తీసుకునే మనిషికి ఇది చిన్న సాహసం కాదు. ఒక్క మెమోకే రాత్రంతా నిద్ర పట్టని ఉద్యోగం చేసినవాళ్లం, మనకు తెలియదా!

అదే వివేకవర్ధినిలో 1921 నవంబరులో మహర్షి కార్వే గారి అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. ఇతర భాషల ప్రసంగాలు సాఫీగా సాగాయి. అల్లంపల్లి వెంకట రామారావు గారు తెలుగులో మొదలుపెట్టగానే సభికుల్లో కొందరు గోల చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు ప్రభృతులు కూడి ఆంధ్రజన సంఘం స్థాపించారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1935లో ఆ సభ అప్పటి మన కరీంనగర్ జిల్లా సిరిసిల్లలో మాడపాటి వారి అధ్యక్షతనే జరిగింది.

ఆ గోలకు కొరట్కర్ గారిని తప్పు పట్టలేము. బడి కట్టిన చెయ్యి వేరు, గోల చేసిన నోరు వేరు. అయితే ఆయనను మెచ్చుకునే సభలో ఈ ముచ్చట దాచిపెట్టడమూ నాకు న్యాయమనిపించదు. తెలుగువారి అభిమానానికి తగిలిన దెబ్బ అది.

కొరట్కర్ గారు 1932లో కాలం చేశారు. 1940లో ఆయన పేరిట నారాయణగూడ విద్యాసంస్థ ఏర్పడింది. కొడుకు వినాయకరావు కాంగడీ గురుకులంలో చదివి విద్యాలంకార్ అయ్యారు. 1952లో బూర్గుల వారు ముఖ్యమంత్రి అయినప్పుడు ఆ మంత్రివర్గంలో వినాయకరావు గారూ ఉన్నారు. 1921లో ఆ రాత్రి రంగారావు గారి ఇంట్లో కూర్చున్న బూర్గుల వారే ఈయన.