కాకా కిక్రికి వైరు పెట్టలేదు

 

కిక్రి పేరు మీరందరూ విన్నారు. చేత్తో పట్టుకున్నవాళ్లు ఎందరు? మేమూ మొన్నటిదాకా పట్టుకోలేదు. పర్‌ధాన్లు కమాను లాగుతూ గోండు ఇంటిపేర్ల కథలు చెప్తుంటే చాపమీద కూర్చొని విన్నవాళ్లమే.

రెండేళ్ల కింద ఒక వేదిక మీద కిక్రి వాయించే కాకాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. పాట మైకు ఆయన నోటి ముందు ఉంది, కిక్రి ఒడిలో ఉంది. మైకును కిందికి వంచితే స్పీకర్లు కుయ్యిమన్నాయి. వెనక డోళ్లు, పక్కన డీజే. కాకా కమాను ఆడుతూనే ఉంది, శబ్దం మాత్రం ఎవరికీ రాలేదు. దిగి వచ్చి, "వాయించానా బిడ్డా?" అని అడిగాడు. మా హాస్టల్ పిల్లలు తల దించుకున్నారు.

ఆ వేసవి సెలవుల్లో మా ఇంటి వరండాలో పని మొదలైంది. మేమంటే మేము, ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు, పక్క వీధి వడ్లాయన. ముందు కాకా కిక్రికే చిన్న పికప్ అంటిద్దాం అనుకున్నాం. ఆయన ఒప్పుకోలేదు. పేన్ ముందు వాయించేదానికి వైర్లు పెట్టొద్దు, కావాలంటే వేరేది చేసుకోండి అన్నాడు. అదే మంచిదయింది.

చర్మం కప్పిన డొల్ల వాయిద్యం స్పీకర్ శబ్దానికి తానూ వణుకుతుంది, ఆ వణుకు మళ్లీ మైకులోకి పోతుంది. కుయ్యిమనేది అందుకే. కాబట్టి మాది గట్టి చెక్క. చెట్టు కొట్టే పని లేదు, మా పాత మంచం టేకు పట్టె ఉంది. (హాస్టల్లో విరిగిన బెంచి ఒకటి కంటపడింది కానీ, వార్డెన్‌కి స్టాక్ రిజిస్టరు గుర్తుకు రాకుండా ఉంటుందా!) తీగ పొడవు 33 సెంటీమీటర్లు పెట్టాం, వయొలిన్ అంత. కాకా కిక్రికి ఉన్నట్టే మూడు తీగలు. బ్రిడ్జి మొదట బల్లపరుపుగా చెక్కాం, కమాను వేస్తే మూడూ ఒకేసారి మోగాయి. విల్లులా వంపు తిప్పి చెక్కాకగానీ ఒక్కో తీగ విడిగా పలకలేదు.

గిటార్లలో ఉండే అయస్కాంతం పికప్ ఇనుప తీగలకే పనిచేస్తుంది. ముందుముందు వెంట్రుక తీగ కూడా కట్టి చూడాలని పిల్లల కోరిక. అందుకని పీజో డిస్కు తీసుకున్నాం. 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ల, మధ్యలో తెల్లటి సిరామిక్. వణుకు తగిలితే కరెంటు పుడుతుంది. ఐదు కొంటే రెండు టంకం వేడికే పాడయ్యాయి. సోల్డర్ కాడ ఒకటి రెండు సెకన్లకు మించి ఆనించొద్దు. మూడోది బ్రిడ్జి కింద దూర్చి మిక్సరుకు కలిపాం. రేకు డబ్బాలో దోమ ఏడ్చినట్టు వచ్చింది.

చిన్నమ్మాయి ఫిజిక్స్ పుస్తకం తెచ్చింది. డిస్కు సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటరు లాంటిది. 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కు నేరుగా కలిపితే 800 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న శబ్దమంతా బలహీనపడుతుంది. అంటే కిక్రి గొంతులో ముఖ్యమైన భాగమే పోయింది. మధ్యలో 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న చిన్న సర్క్యూటు పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. లెక్క పలక మీద వేసి చూపించింది. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం, మాకే ఆ రోజు పాఠం. టీఎల్ 072 చిప్పు, 9 వోల్టుల బ్యాటరీతో సర్క్యూటు కట్టాం.

తర్వాత గుయ్యిమనే హోరు. తీగ ముట్టుకుంటే తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. సర్క్యూటు గూడుకు వంటింటి అల్యూమినియం రేకు చుట్టాం, దానికి సోల్డర్ పట్టదని అప్పుడు తెలిసింది. రాగి టేపు తెచ్చి గూడంతా అంటించి, దాన్నీ తీగల్నీ గ్రౌండుకు కలిపితే హోరు పోయింది. ఇక కమాను. వెంట్రుకలు తీగ మీద నూనె రాసినట్టు జారాయి. రోజిన్ రుద్దాలని కాకా నవ్వి చెప్పాడు, అంతవరకూ మాకు తట్టలేదు.

మా వైపు కిక్రి పట్టింది మగవాళ్లనే చూశాం. ఆడపిల్లలు పట్టొచ్చా అని అడగడానికి వారం తటపటాయించాం. పెద్దలు కాసేపు మాట్లాడుకుని, పేన్ దగ్గరికి తేకపోతే నేర్చుకోనివ్వండి అన్నారు. ఆ షరతుతో పెద్దమ్మాయికి పేచీ ఉంది, ఇంకా అడుగుతూనే ఉంది. అడగనీ.

కాకా వచ్చి మా వాయిద్యం ఒడిలో పెట్టుకున్నాడు. స్పీకరులో కమాను గీత వీధి చివరిదాకా వినిపించింది. కళ్లు మూసుకొని చాలాసేపు వాయించి, "గొంతు ఉంది, పొట్ట లేదు" అన్నాడు. నిజమే, చర్మం ఇచ్చే ఆ గరుకు గట్టి చెక్కలో లేదు. ఇప్పుడు రెండోది చేస్తున్నాం. చెక్క గట్టిదే, బ్రిడ్జి కింద అరచేయంత మేర తోలు బిగించి చూస్తున్నాం. కుయ్యిమంటుందేమో.

ఆదివారాలు కాకా పిల్లలకు నేర్పుతున్నాడు. ఆయన కొడుకు కూడా మొన్న వచ్చి గుమ్మం దగ్గర నిల్చున్నాడు, లోపలికి రాలేదు. కొలతలన్నీ వరండా గోడ మీద చార్టులో ఉన్నాయి, వచ్చి రాసుకోండి. టంకం కాడ మీరే తెచ్చుకోవాలి, మాది ఒక్కటే ఉంది.